గిటారుకు వేయవలసిన అంచు

5 మే 1968, ఆదివారం. గజపతినగరం.

ఈ రోజు నుంచి డైరీ. మొదటి పేజీలో ఒక సంకల్పం రాసుకుంటే మంచిదంటారు. రాస్తున్నాను.

ఉదయం విజయనగరం నుంచి మా బావమరిది గణపతిరావు వచ్చాడు. భుజాన గోనెసంచి, సంచిలో గిటారు. ఖరగపూర్‌లో రైలింజను డ్రైవరు ఒకాయన ఊరు వదిలిపోతూ అమ్మాడట. శబ్దం బాగుంది. అంచు చుట్టూ ఒకప్పుడు తెల్ల పట్టీ ఉండేది. అది ఎండి, పెళుసెక్కి, కోడిగుడ్డు పెంకులా రాలిపోయింది. మిగిలింది గణపతే గీకేశాడు. ఇప్పుడు అంచంతా పచ్చి చెక్క.

సంగతి ఇది. వాడు తిరిగే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే ఆయనకు భిలాయిలో ఉద్యోగం దొరికింది. ఆ చోటు గణపతికి ఇస్తామన్నారు. సొంత గిటారు ఉండాలి, స్టేజీ మీద చూడ్డానికి బాగుండాలి. జూన్ 9న పాతపట్నంలో పెళ్లి కచేరీ. అక్కడ వాయిస్తే చోటు వాడిది. లేకపోతే మా మావ జగన్నాధం గారు కొడుకుని రైసు మిల్లులో కాటా దగ్గర నిలబెడతారు. మిల్లు ఓనరుతో మాట కూడా అయిపోయింది.

"బావా, అంచు నువ్వేసెయ్యి. నీకలవాటైన పనే కదా" అన్నాడు.

అలవాటే. చాలా ఏళ్లుగా ఈ బజారులో పటాలు కడుతున్నాను. చుట్టుపక్కల ఊళ్లలో నేను అంచు వేయని దేవుడు లేడు. ఈ చెక్కపెట్టె ఒక లెక్కా!

"వారంలో తీసుకుపో" అన్నాను.

సంకల్పం: అంచు నేనే ఎంచుతాను. ఎవరినీ అడగను. ఒకసారి అనుకున్నాక మార్చను.

నా భార్య నీలవేణి ఇది చదివింది. మావ కూతురే కాబట్టి నన్ను ఇప్పటికీ బావ అనే పిలుస్తుంది. "ఆ సివరి ముక్క కొట్టీ బావా. పెళ్లినాడు పీటల మీద కూకోడానికి మూడు పంచెలు మార్సినావు" అంది.

కొట్టలేదు.

6 మే, సోమవారం.

షాపు తెరవగానే, పటాలకు అంచుగా వేసే చెక్క బీడింగులన్నీ అటక మీద నుంచి దించాను.

8 గంటలు: బంగారు పువ్వుల బీడింగు. అద్భుతం!

8.30: సన్న గోధుమరంగు. ఇదింకా అద్భుతం!

9: ఒక విషయం గమనించాను. గిటారుకు మూలలు లేవు.

బీడింగు తిన్నగా ఉంటుంది. మూల కోసి, జిగురు రాసి, మేకు కొడితే పటం. లక్ష్మీదేవికి నాలుగు మూలలు. సరస్వతి ఒళ్లో వీణ ఎన్ని వంపులు తిరిగినా ఆవిడ పటానికీ నాలుగే మూలలు. ఈ గిటారుకు మాత్రం భుజం, నడుము, మళ్లీ పిరుదులు. బీడింగును నడుం దగ్గర వంచాను. విరిగింది. గోధుమరంగుది వంచాను. అదీ విరిగింది. దేవుళ్లతో ఎప్పుడూ ఈ ఇబ్బంది లేదు.

ఎండుచేపలమ్మే దాలమ్మ తన పైడితల్లమ్మ పటం కట్టడం అయిందేమోనని వచ్చింది. గంప దించి గిటారును చూసింది.

"ఏటి బాబూ ఇది? నడుం కట్టేసిన సొరకాయనాగున్నాది."

"గిటారు. దీనికి అంచు వెయ్యాలి."

"తెల్లదెయ్యి బాబూ, దూరానికి కనిపిస్తాది. మరి నా తల్లి పటమో?"

"రేపు."

తెలుపు అని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. సంకల్పానికి భంగం లేదు.

8 మే, బుధవారం. బొబ్బిలి.

పొద్దున్న రాయగడ పాసింజరులో బొబ్బిలి వెళ్లాను. అడగడానికి కాదు, చూడ్డానికి. అక్కడ వీణలు చేసే అసిరయ్య నాకు పాత పరిచయం. వీణ బుర్ర చుట్టూ, దండి పొడవునా వాళ్లు వేసే అంచులు చూసి తీరాలి. తెల్ల పట్టీ మధ్య నల్లటి సన్న లతలు. మన బీడింగులు సిగ్గుపడాలి.

అసిరయ్య గిటారును వేలితో కొట్టి, నడిమి రంధ్రంలోంచి లోపలికి చూశాడు.

"ఏటి బాబూ, అన్నీ అతుకులే! మాది ఒక్కటే పనస దుంగ. తొలిసీసినామంటే బుర్రొచ్చెస్తాది, దండొచ్చెస్తాది. ఇది టీ పొట్లాలొచ్చే పెట్టెనాగున్నాది."

"మరి మీ అంచు దేనికి?"

"సోకుకి. మీదీ సోకుకే అవుతాది, మరింక దేనికి? తొందరేటున్నాది, నింపాదిగా ఎంచుకోండి."

ఇది అడగడం కాదు. సంభాషణ.

అంచు సోకుకే అన్నమాట నాకు నచ్చింది. పటాల విషయంలో నేనూ అదే అంటాను. దంతం బదులు ఇప్పుడు వీణల మీద వేస్తున్న తెల్ల సెల్యులాయిడ్ రేకు కొంత ఇచ్చాడు. "సెగ సూపించండి, వంగుతాది. మరీ దగ్గిరికెట్టీకండి" అన్నాడు.

తెలుపు. ఖాయం! వారం తిరక్కుండానే తేలిపోయింది.

9 మే, గురువారం.

తెలుపు సరే. ఒట్టి తెలుపా? పక్కన నల్లగీత ఒకటా, రెండా? రెండైతే సమానంగానా, ఒకటి లావుగానా? రంధ్రం చుట్టూ కూడా అదే వరస వేయాలా, వేరేదా? వెనకవైపు ఎవరు చూస్తారు? చూస్తే?

రోజంతా కాగితం మీద గీతలు గీశాను. ఇద్దరు పటాలకోసం వచ్చారు. తర్వాత రమ్మన్నాను. కళలో ఉన్నప్పుడు వ్యాపారం కుదరదు.

13 మే, సోమవారం.

తెల్ల రేకుకు దీపం సెగ చూపించాను. వంగలేదు. ఇంకాస్త దగ్గరగా చూపించాను. వంగలేదు, భగ్గుమంది.

ఎడమ కనుబొమ సగం పోయింది. నీలవేణి బిందెడు నీళ్లు కుమ్మరించింది. మంట ఆరిపోయాక ఇంకో బిందె కూడా కుమ్మరించింది. ఎందుకని అడిగితే, "సేతిలో ఉన్నాది కదా" అంది.

తెలుపు రద్దు. ఒకసారి అనుకున్నాక మార్చను అన్నది నిజమే. అది ఉన్న అంచు గురించి. ఇది కాలిపోయిన అంచు.

18 మే, శనివారం.

సంతలో పేము కొన్నాను. సన్నగా చీల్చి, తొట్టెలో నానబెట్టి, గిటారు చుట్టూ తిప్పి తాడుతో బిగించాను. సాయంత్రానికి ఆరింది. తాడు విప్పితే అలాగే నిలిచింది. భుజం దగ్గర, నడుం దగ్గర, వెలితి లేదు, ఉబ్బు లేదు. పచ్చి చెక్క ఎక్కడా కనిపించదు. బంక రాసి అంటించడమే తరువాయి!

అప్పుడు నీలవేణి బియ్యం చెరగడానికి చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చేటను చూసింది. గిటారును చూసింది.

"రెండింటికీ ఒకటే అంచు" అంది.

పటం కోసం వచ్చి కూర్చున్న దాలమ్మ కూడా చూసింది. "ఓలమ్మ! మరి మంచిదే కదా బాబూ. కచేరీ లేని రోజు బియ్యం సెరుక్కోవచ్చు."

ఇద్దరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు.

పేము విప్పేశాను. నీలవేణి నవ్వు ఆపి, "అదేటి బావా, నాను బాగులేదన్నానా? ఒకటే అంచన్నాను. అంటించీ" అంది.

ఆ మాట చాలు. పెళ్లి కచేరీలో ముందు వరస వాళ్లకు చేట గుర్తుకు రాకూడదు. ఈ సూక్ష్మం ఆడవాళ్లకు చెప్పినా ఎక్కదు.

22 మే, బుధవారం.

ఎవరినీ అడగను అనే నియమానికి చిన్న సవరణ. దారిన పోయేవాళ్లు తమంతట తాము చెబితే వింటాను. తమంతట తాము చెప్పడానికి వీలుగా గిటారును షాపు గుమ్మంలో పెట్టాను.

ఇంతవరకు వచ్చినవి:

పోస్టుమాను: ఎరుపు. (ఆయనకు ఇంకో రంగు తెలియదు.)

రేకు పెట్టెలు చేసే ఆయన: రేకు. మూలలకు ఇనప బిళ్లలు కూడా. మూలలు లేవంటే, పెట్టిస్తానన్నాడు.

బడి తెలుగు మాస్టారు: అంచు అనవసరం, నాదమే ప్రధానం. ఈ రెండు మాటలూ చెప్పడానికి గంట పట్టింది.

బుడితి నుంచి ఇత్తడి చెంబులు తెచ్చి అమ్మే ఆయన: సన్న ఇత్తడి పట్టీ. వారానికోసారి చింతపండు పెట్టి తోముకోవాలట.

మధ్యాహ్నం మావ జగన్నాధం గారు కూడా వచ్చారు. గొడుగు చంకలో పెట్టుకుని గిటారును, సగం కనుబొమను, నన్ను వరసగా చూశారు.

"ఏ అంచూ ఎయ్యకు నరసింగా. పున్నెముంటాది. మిల్లులో కాటా కాళీగా ఉన్నాది."

"వాడు బాగా వాయిస్తాడు మావా."

"మరేటి. పురుగులు మా బాగా వాయిస్తాయి, రేత్రంతాను. వాటికెవడైనా జీతమిస్తన్నాడేటి?"

అందరిలోకీ ఏం కావాలో స్పష్టంగా చెప్పింది ఆయనొక్కరే.

26 మే, ఆదివారం.

గణపతి వచ్చాడు.

"బావా, వారమన్నావు."

"ఏ వారమో చెప్పలేదు."

నవ్వాడు. మంచి స్వభావం. గిటారు తీసి, షాపు స్టూలు మీద కూర్చుని వాయించాడు. గోగునార మోపులతో పోతున్న బండి ఆగింది. ఎద్దులు కూడా కదల్లేదు. దాలమ్మ గంప దించి, పటం సంగతి అడగడం మరిచిపోయింది. బాగానే వాయిస్తాడు. ఈ మాట వాడితో అనలేదు. అంటే, పని త్వరగా చేయమంటాడు.

ఆపి, అంచు మీద వేలు పోనిచ్చి చూశాడు. "గరుకుగా ఉన్నాది. ఏదో ఒకటెయ్యి బావా. ఆ పేమంటించినా పర్నేదు, అక్క సెప్పింది."

"ఏదో ఒకటి అనే మాట మా వృత్తిలో లేదు."

"నాలుగు పాటలు నా ఒక్కడి మీదే పెట్టినారు బావా, ఆర్కెస్ట్రా మాస్టారు. నాలుగు! కూకుని వాయిస్తంటే సేతిని సూస్తారు గానీ అంచునెవడు సూస్తాడు?"

"నేను చూస్తాను."

నీలవేణి లోపల నుంచి అంది, "ఆడు గిటారడుగుతున్నాడు బావా. నీ సూపు కాదు."

తీసుకుపొమ్మన్నాను. పోలేదు. పాపం, స్టేజీ మీద బాగుండాలన్నారు కదా. ఇంకా రెండు వారాలుంది. నిజానికి సమయం ఎక్కువే.

1 జూన్, శనివారం.

కొత్త ఆలోచన! జరీ. మెత్తగా ఉంటుంది, ఎటైనా వంగుతుంది, దీపాల వెలుగులో మెరుస్తుంది. నీలవేణి పెట్టెలో పాత పట్టుచీర ఉంది. అంచు ఒక మూర కత్తిరించాను. అడగలేదు. అడగను అనేదే కదా సంకల్పం.

భుజం మీద బ్రహ్మాండంగా ఉంది. నడుం దగ్గర ముడతలు. బంక తగిలిన చోట జరీ నల్లబడింది. జరీ రద్దు.

నీలవేణికి తెలిసింది. అది పాత చీర కాదట. పెళ్లిచీరట. నాలుగు సంవత్సరాల కిందటిది పాతది కాక ఏమవుతుంది? ఈ ప్రశ్న పైకి అడగలేదు. కంచం నా ముందుకు తోసి వెళ్లింది. కూర వేయలేదు.

3 జూన్, సోమవారం.

ఏమీ చేయలేదు. కోపంగా ఉన్న ఇంట్లో కళ సాగదు.

4 జూన్, మంగళవారం.

ఎండ. బద్ధకం. మళ్లీ ఇత్తడి గురించి ఆలోచించాను.

5 జూన్, బుధవారం.

మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారిగా గాలి, వాన. షాపు పెంకులు లేచాయి. పటాలన్నీ లోపలి గదిలోకి మోశాను. అద్దాలున్నవి ముందు, లేనివి తర్వాత. ఒక్క దేవుడూ తడవలేదు.

గిటారు గుమ్మంలో ఉండిపోయింది. తువ్వాలుతో తుడిచాను. కొంచెమే తడిసింది. వీణలు చేసే ఊరికీ వాన వస్తుంది కదా. ఏమీ కాదు.

6 జూన్, గురువారం.

అయింది.

పైపలక పక్కపలకను వదిలేసి మూరెడు పొడవున నోరు తెరిచింది. పచ్చి చెక్క చివర్ల నుంచి నీళ్లు తాగి ఉబ్బింది. లోపలి అతుకు కరిగింది. తీగ మీటితే సీసాలో గులకరాయి చప్పుడు.

చాలాసేపు చూశాను. ఆ పాత తెల్లపట్టీ సోకుకి వేసింది కాదు. అతుకును తడవకుండా కాపాడడానికి వేసింది. వీణకు అతుకు లేదు కాబట్టి అసిరయ్యకు అంచు సోకు. పటానికి వెనకాల కాగితం అంటిస్తాం కాబట్టి నాకూ అంచు సోకే. ఇద్దరం పెద్దమనుషుల్లా తలలూపుకున్నాం. ఈ పెట్టె చేసినవాడు ఎక్కడున్నాడో, ఒక కాగితం మీద రాసి లోపల పడేస్తే పోయేదా!

ఎల్లుండి గణపతి వస్తాడు.

7 జూన్, శుక్రవారం.

ఉదయం: వేడి బంక రాశాను. తడి చెక్క పట్టుకోలేదు.

మళ్లీ రాశాను. మళ్లీ వదిలింది.

మధ్యాహ్నం: నాకు తెలిసిన పని చేశాను. మేకులు. పటాలకు కొట్టే అతి సన్నవి. పటం కర్ర లావుగా ఉంటుంది. ఇక్కడ పక్కపలక అప్పడమంత. మొదటిది దిగింది. రెండోది దిగింది. మూడోదానికి పలక నిలువునా చీలింది.

సాయంత్రం: చీలిక కనిపించకుండా బంగారు పువ్వుల బీడింగును చిన్న చిన్న ముక్కలు చేసి వరసగా అతికించాను. ముక్కలైతే వంచే పని లేదు. ఇది ముందే తట్టవలసింది. దూరం నుంచి చూస్తే చాలా బాగుంది. బజారు అవతల నిలబడి చూశాను.

8 జూన్, శనివారం.

గణపతి పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. తలకు నూనె. రేపటి కచేరీకి ఆర్కెస్ట్రా వాళ్లు ఈ రోజే పాతపట్నం బయల్దేరుతున్నారు.

గిటారు ఇచ్చాను. పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. ఒక తీగ మీటాడు. ఇంకొకటి మీటలేదు. బంగారు పువ్వు ఒకటి ఊడి వాడి చొక్కా మీద పడింది.

"మేకులేటి బావా?"

"అతుకు వదిలింది. వానకి."

"వానలో ఎవుడెట్టినాడు?"

గుమ్మంలో గిటారు పెట్టే చోటు ఖాళీగా ఉంది. వాడే చూశాడు.

నీలవేణి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎల్లి మాస్టారికి సెప్పరా. ఎవుడిదైనా ఎరువు తెచ్చుకుంటానని సెప్పు."

"ఈ సుట్టుపక్కల గిటారెవుడి కాడుందే, అక్కా?"

నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, లేచాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరవడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవి అలాగే ఉండిపోయాయి. గిటారు స్టూలు మీదే వదిలేసి వెళ్లాడు.

9 జూన్, ఆదివారం.

షాపు తీయలేదు. పాతపట్నంలో పెళ్లి బాగానే జరిగి ఉంటుంది.

12 జూన్, బుధవారం.

పార్వతీపురం నుంచి మాండలిన్ వాయించే మనిషిని తెచ్చుకున్నారట. ఇక అతనే ఉంటాడట. గణపతి సోమవారం నుంచి మిల్లులో కాటా దగ్గర.

మావ గారు దారిలో కనిపించి, నా భుజం తట్టారు. ఇంతవరకు ఎప్పుడూ తట్టలేదు. "మొత్తానికి నా మాటిన్నావు నరసింగా. ఏ అంచూ ఎయ్యనేదు" అన్నారు.

దాలమ్మ వచ్చి పైడితల్లమ్మ బొమ్మను పటం కట్టకుండానే తీసుకుపోయింది. "గోడకి మైదా రాసి అంటించెస్తాను బాబూ. నీకు తీరికైనప్పటికి నాను పటమైపోతాను."

తప్పు ఎవరిదని ఆలోచించాను. రేకు కాలకపోతే 13నే అయిపోయేది. చేట మీద ఆ నవ్వు లేకపోతే 18న. వాన ఇంకో నాలుగు రోజులు ఆగినా అయిపోయేది. నేను ఒక్కడినే అంత మందిని ఎలా ఆపగలను?

23 జూన్, ఆదివారం.

మిల్లుకు సెలవు. గణపతి వచ్చాడు. జుట్టులో, చెవుల వెనక తవుడు. బాగానే ఉన్నాడు. కుడిచేతి వేళ్లకు గోనెసంచులు ఈడ్చి కాయలు కాస్తున్నాయి.

ఓనరు తండ్రి గారి ఫోటో తెచ్చాడు, పటం కట్టాలని. నేను బీడింగు ముక్కలన్నీ బల్ల మీద పరిచాను. కూర్చోలేదు.

"ఆ నల్లది."

"మిగతావి కూడా చూడు. ఈ పువ్వులది..."

"నల్లది సాలు బావా. మంగళారం ఒస్తాను."

అర నిమిషం పట్టలేదు. ఇంత అజాగ్రత్తగా అంచు ఎంచిన మనిషిని నా షాపులో చూడలేదు.

"గిటారు బొబ్బిలి పంపించి బాగుచేయిస్తాను" అన్నాను.

"నీ కాడే ఉండనీ" అన్నాడు. లోపలికి వెళ్లి అక్కతో కాసేపు మాట్లాడాడు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వడం వినిపించింది. నేను వెళ్లేసరికి ఆపారు. వాడు వెళ్లిపోయాడు. గిటారు తలుపు వెనకే ఉంది, అటు చూడలేదు. చూసి ఉంటే నల్ల ముక్కను దాని పక్కన పెట్టి చూపించేవాణ్ని. ఆ రెండూ చక్కగా కలుస్తాయి.

మేకులు పీకాను. మేకులు దిగిన చోట కన్నాలున్నాయి, కొంచెం వెడల్పాటి అంచు వేస్తే కప్పుకుపోతాయి. ఒక రకంగా ఇదీ మంచికే. ఇప్పుడు పెళ్లి లేదు, కచేరీ లేదు, వారం వారం వచ్చి తొందరపెట్టేవాడు లేడు. పని చేయవలసిన తీరులో చేయవచ్చు.

సంకల్పం: రేపు, సోమవారం, అంచు ఎంచుతాను. ఎవరినీ అడగను. ఒకసారి అనుకున్నాక మార్చను.

నలుపు. ఖాయం!

లేదా ముదురు గోధుమ.